ఇద్దరి కొలత

జూన్ 9, 2003. సోమవారం

ఫల్గుణ పొద్దున్నే వెళ్ళిపోయాడు. మా నాలుగిళ్ళ మగాళ్ళంతా ఒకే దోనెలో వెళ్ళారు. అవతలి గట్టున, సీలేరు వైపు కాలవ పని. మళ్ళీ శనివారం సాయంత్రమే రావడం.

మొగుడి పేరు రాసేశాను. పలకకూడదన్నారు గాని రాయకూడదని ఎవరూ చెప్పలేదు. ఇవి జి.మాడుగుల హాస్టల్లో పదో తరగతి చదివినప్పుడు మిగిలిపోయిన కాగితాలు. ఈ ఊళ్ళో చదవడం వచ్చినది నాకూ ఫల్గుణకూ మాత్రమే. అతను ఒక్క పేజీ కూడబలుక్కునేసరికి పంటలు కోతకొస్తాయి కాబట్టి నాకు భయం లేదు.

నాకు ఐదో నెల. దోనె ఎక్కుతూ అన్నాడు, "నానున్నాను గదే, నీకేటి భయం" అని. పోయినసారీ ఉన్నాడు. అవతలి గట్టున ఉన్నాడు.

జూన్ 11

పోయినసారి సంగతి ఒక్కసారి రాసేసి ఊరుకుంటాను. మళ్ళీ రాయను.

నొప్పులు పొద్దున మొదలై మర్నాడు సాయంత్రం దాకా ఉన్నాయి. మగాళ్ళు అవతల. మా మామగారి పాత దోనె ఇవతలి గట్టునే కట్టేసి ఉంది. మా అత్త దేముడమ్మది ఒక తెడ్డు, నాదొక తెడ్డు చూరుకి వేలాడుతున్నాయి. అత్త నన్ను పట్టుకుని కూర్చుని నీళ్ళను తిట్టింది. చాలా బాగా తిట్టింది. బిడ్డ ఏడవలేదు. తర్వాత సీలేరు ఆసుపత్రిలో నర్సమ్మ, ముందే తీసుకొచ్చి ఉంటే బతికేవాడమ్మా అంది. మంచి మనిషే, ఉన్నమాట చెప్పింది.

నాకు ఎవరిమీదా కోపం లేదు.

జూన్ 13

దోనె ఉంది, తెడ్లున్నాయి, మరి దాటడానికేం అని హాస్టల్ పిల్లలైతే అడుగుతారు.

ఆడవాళ్ళ తెడ్డు నేలమీద నిలబెడితే నా నడుం దాటి కాస్త పైకి వస్తుంది, అంతే. దోనె ముందు కొసన కూర్చుని నీళ్ళు లాగడానికి మాత్రమే అది. వెనక కూర్చుని దోనెను తిప్పేది మగాడు. అతని తెడ్డు నుదుటి దాకా ఉంటుంది. ఫల్గుణ తెడ్డు ఫల్గుణతో వెళ్ళిపోతుంది. మామగారి తెడ్డు ఆయన గోతిమీద నిలబెట్టారు. ఇక్కడ ఎవరి తెడ్డు వాళ్ళతోనే పోతుంది. ఇక అత్తేమో మామగారు పోయాక దోనె ఎక్కలేదు. వెనక మనిషి లేకుండా ముందు కూర్చోవడం ఏమిటంటుంది. మిగతా ఇళ్ళ ఆడవాళ్ళ మాటా అదే.

తరతరాల ఆచారమట. ఈ డ్యాము నీళ్ళు వచ్చిందే అత్త ఇక్కడికి కోడలిగా వచ్చాక. అంతకుముందు కింద వాగు ఉండేది, పాదాలు తడుపుకుని అవతలికి నడిచేవారట. ఆమే చెప్పింది. నీళ్ళ వయసు నా వయసుకంటే ఎంతో ఎక్కువ కాదు, దానికి తరతరాల ఆచారం.

జూన్ 17

ఇవాళ ఒక్కదాన్నే పాత దోనె వెనక కొసన కూర్చుని నా తెడ్డుతో చూశాను. కుడివైపు లాగితే ఎడమకి తిరుగుతుంది. సరిచేద్దామని వంగి ఎడమవైపు లాగేలోపు పూర్తిగా వెనక్కి తిరిగిపోతుంది. గానుగెద్దులా అక్కడక్కడే తిరిగాను. పొట్టి తెడ్డు వెనకనుంచి నీళ్ళను అందుకోదు.

అత్త గట్టుమీద నిలబడి చూసింది. దిగాక ఏమీ అనలేదు. అన్నం పెట్టేటప్పుడు మొదలుపెట్టి గిన్నెలు కడిగేదాకా అంది.

జూన్ 21. శనివారం

ఫల్గుణను పొడుగు తెడ్డు అడిగాను. నవ్వాడు. "నీకు తెడ్డు సేయించీనాననుకో, నువ్వు మీ అమ్మకాడికి సెక్కీసీవనుకో, నాకు గంజి ఎవులు కాత్తారు?" అన్నాడు. అతను అలా నవ్వితే నాకూ నవ్వొస్తుంది. అదే నా ఖర్మ.

నిజంగా అడుగుతున్నానని మళ్ళీ చెప్పాను. సరే, యర్రయ్య తాతను అడుగుదామన్నాడు.

జూన్ 22

యర్రయ్య తాత మా ఊళ్ళో తెడ్లు చెక్కే మనిషి. మనిషిని నిలబెట్టి, కూర్చోబెట్టి, చేతులు చాపించి తాడుతో కొలుస్తాడు. ఆ తాడుకి ముడివేసి, తెడ్డు పూర్తయ్యేదాకా దాచి, తర్వాత నిప్పులో వేస్తాడు. కొలత ఇంకొకరి చేతిలో పడకూడదు.

నా పొట్ట చూసి తాడు మడిచి రొంటిలో పెట్టేసుకున్నాడు. "ఒంట్లో ఇద్దరుండగా ఎవులికని కొలుత్తాను? రేపు ఆ తెడ్డు ఎవులిదో తెడ్డుకే తెలవదు. నీళ్ళకీ తెలవదు. ఇద్దర్లో ఎవుల్నో ఒకళ్ళని అడుగుద్ది" అన్నాడు.

ఫల్గుణ తలూపాడు. అత్త తలూపింది. నేను కూడా ఊపాను. చుట్టూ ఉన్న మెడలన్నీ ఒకేసారి ఊగుతుంటే మనదొక్కటి బిర్రబిగిసి ఉండటం కష్టం. బిడ్డ పుట్టాక కొలుస్తాడట. పుట్టాక నాకెందుకు.

జూన్ 30

వాన. ఫల్గుణ వెళ్ళాడు. నాకు కోపం లేదు.

జూలై 15

ఇవాళ వింత చూశాను. నీళ్ళమీద రెండు పడవలు, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు, చిక్కుడు కాయంత సన్నగా. ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి. పసుపు దాంట్లో ఉన్నది ఆడపిల్ల. వైజాగ్ నుంచి వచ్చారట, నీళ్ళమీద ఊరికే తిరగడానికి. నేను దాటలేక చస్తుంటే వీళ్ళు సరదాకి దాటుతున్నారు.

ఆ అమ్మాయి తాగే నీళ్ళకని మా గట్టుకి వచ్చింది. పేరు హేమలత. ఆ పడవను కాయక్ అంటారట. వెనక కూర్చుని తిప్పేవాడు లేడు. నడిమధ్య కూర్చుంటుంది. తెడ్డు ఒక్కటే, రెండు చివరలా రెండు రెక్కలు. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. పడవ తిన్నగా పోతుంది.

తెడ్డు ఇస్తే పట్టుకుని చూశాను. నిలబెట్టి చెయ్యి పైకెత్తితే నా వేళ్ళు చివరిమీద వంగాయి. ఎంత పొడుగుండాలని అడిగాను. మనిషి ఎత్తునుబట్టి, పడవ వెడల్పునుబట్టి అంది. వెడల్పు పడవకి పొట్టి తెడ్డు పట్టుకుంటే చేతులు అంచుకి కొట్టుకుంటాయట. మరీ పొడుగైతే పడవ అటూ ఇటూ తల తిప్పుతుందట, మణికట్లు పోతాయట. తర్వాత తెడ్డును మధ్యలో మెలిపెట్టి లాగింది. రెండు ముక్కలైంది. సంచిలో పెట్టుకోవడానికి వీలుగా అలా చేస్తారట.

రెండు పొట్టి తెడ్లు. ఒక్కోదానికి ఒక్కో రెక్క.

జూలై 16

కొత్త తెడ్డుకి కదా కొలవకూడదు. ఉన్నవి రెండు కట్టుకుంటే ఎవరిని కొలిచినట్టు?

జూలై 18

అత్తను ఆమె తెడ్డు అడిగాను. ఎందుకో చెప్పాను కూడా. నాకు దాపరికం చేతకాదు.

ఆ తెడ్డు మామగారు తన చేతులతో చెక్కాడు, నీళ్ళు వచ్చిన మొదటి ఏడు. కర్రమీద చేప గీశాడు, కప్పలా ఉంటుంది. "అది నాతోటే గోతిలోకి వత్తాది. నీకిచ్చీసి నాను ఉత్త సేతుల్తో పోవాలేటి?" అంది. తర్వాత పొయ్యి ఊదుతూ కూర్చుంది. పొయ్యి బాగానే మండుతోంది, ఊదక్కర్లేదు.

జూలై 24

అత్త సామల చేనికి వెళ్ళింది. తెడ్డు తీసుకున్నాను. దొంగతనం అనను, చూరు కింద ఉన్నది చూరు కిందకే తిరిగి వెళ్ళింది.

రెండు కర్రల చివరలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, వెదురు బద్దలు వేసి, అడ్డ తీగ నారతో కట్టాను. మొదట జానెడు మేర మాత్రమే కలిపాను. పొడుగెక్కువైంది. దోనె కుక్క తోకలా ఊగింది. విప్పి మూరెడు కలిపాను. ఈసారి పొట్టి. మాది కాయక్ కాదు, మనిషి అడ్డంగా పడుకునేంత వెడల్పు. ప్రతిసారీ వేళ్ళ కణుపులు దోనె అంచుకి గీసుకున్నాయి.

జూలై 29

అత్త చేనికి వెళ్ళినప్పుడల్లా కడుతున్నాను, ఆమె వచ్చేలోపు విప్పి చూరుకి వేలాడదీస్తున్నాను. కణుపులు చెక్కుకుపోయాయి. మూరెడులోంచి రెండు వేళ్ళు తగ్గించి కట్టాను. ఇంకా గీసుకుంటోంది. కూర్చునే చోట గడ్డి మోపు వేసుకున్నాను. కొంచెం మేలు.

ఆగస్టు 6

కుదిరింది.

బెత్తెడు తక్కువ మూరెడు. గీసుకోలేదు, ఊగలేదు. కుడి, ఎడమ. కుడి, ఎడమ. దోనె తిన్నగా పోయింది. నీళ్ళ మధ్యలో మునిగిపోగా మిగిలిన ఎండు మద్దిమాను ఒకటి నిలబడి ఉంటుంది, అదే సగం దూరం. అక్కడిదాకా వెళ్ళి దాన్ని చేత్తో తాకి వెనక్కొచ్చాను. అవతలి గట్టున ఎవరో బట్టలు ఉతుకుతున్నారు, ఆ దెబ్బలు నాకు వినిపించాయి. అంత దగ్గర.

ఏడుపొచ్చింది. గట్టిగా ఏడ్చాను, నీళ్ళమధ్య ఎవరు వింటారు. పోయినసారి కూడా ఇంతే దూరం.

ఆగస్టు 9. శనివారం

నా చేతులు చూసి ఏమైందని ఫల్గుణ అడిగాడు. తిరగలి అన్నాను. తిరగలి తిప్పితే అరచేతులు పోతాయి, కణుపులు కాదు. అతను నమ్మాడు. నమ్మినట్టు ఉన్నాడు. పసుపు నూనెలో కలిపి రాసి, ఊదుతూ కూర్చున్నాడు. ఇంత మంచివాణ్ణి ఏమనగలను.

చెబుదామనుకున్నాను. చెబితే యర్రయ్య తాతకు చెబుతాడు. నలుగురూ వచ్చి మెడలు ఊపుతారు.

ఆగస్టు 20

పొట్ట పెరిగేకొద్దీ తెడ్డు పొట్టిదైపోతోంది. ముందుకి వంగలేను. వెనక్కి వాలి, మోకాళ్ళు ఎడంగా పెట్టి కూర్చోవాలి. అలా కూర్చుంటే రెక్కలు నీళ్ళను పైపైనే తాకుతున్నాయి. హేమలత ఎత్తు చెప్పింది, వెడల్పు చెప్పింది. ఇది చెప్పలేదు పాపం, ఆమెకు మాత్రం ఏం తెలుసు.

పొడుగు పెంచాలంటే కలిపిన మేర తగ్గించాలి. తగ్గిస్తే అతుకు బలహీనం. యర్రయ్య తాత మాట గుర్తొచ్చింది. ఈ తెడ్డు ఎవరిదో నిజంగానే దానికి తెలియడం లేదు.

జానెడుకి దించి, నార రెట్టింపు చుట్టాను.

ఆగస్టు 27

అతుకు ఊడిపోయింది.

మద్దిమాను దాటాక గాలి వచ్చింది. గట్టిగా లాగాను, బద్ద విరిగింది, తెడ్డు రెండుగా వేలాడింది. ఇప్పుడు నా చేతిలో రెండు పొట్టి తెడ్లు, దోనెలో నేనొక్కదాన్ని. మళ్ళీ గానుగెద్దు బతుకు. గాలి ఎటు తోస్తే అటు. అవతలి గట్టు దగ్గరకొచ్చింది, దూరమైంది. లోపల బిడ్డ కదలడం ఆగిపోయింది, తర్వాత తన్నింది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

చివరికి గాలే మా ఒడ్డున, తుప్పల్లోకి తోసింది. అత్త మొలలోతు నీళ్ళలో నిలబడి ఉంది. నన్ను పట్టుకోలేదు. దోనె పట్టుకుని లాగింది. తన తెడ్డు తీసుకుంది, నాది కూడా తీసుకుంది. కొడుతుందనుకున్నాను.

ఆగస్టు 28

రెండు తెడ్లూ అటకమీద పెట్టేసింది, నా చెయ్యి అందని చోట. నాతో మాట్లాడటం లేదు.

సెప్టెంబరు 2

మాట్లాడటం లేదు.

సెప్టెంబరు 6. శనివారం

అత్త ఫల్గుణకు ఏమీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియదు. దసరా దాటాక పని మానేసి ఇంట్లోనే ఉంటానని అతను ఒట్టు వేశాడు. లెక్క ప్రకారం కాన్పు అప్పటికే. అంతా సరిపోయింది. తెడ్డు గురించి ఇంత గొడవ పడ్డందుకు నాకే సిగ్గుగా ఉంది. ఎవరింట్లో ఆడవాళ్ళు నీళ్ళు దాటుతున్నారు? అందరూ కనడం లేదా?

నిమ్మళంగా ఉన్నాను.

సెప్టెంబరు 8

నిమ్మళంగా లేను. అటకవైపే చూస్తున్నాను. చుట్టూ కొండ, ముందు నీళ్ళు, ఇల్లు ఇంత చిన్నదని ఇన్నాళ్ళూ తెలియలేదు.

సెప్టెంబరు 14

మధ్యాహ్నం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. లేచేసరికి అత్త నా పక్కన కూర్చుని ఉంది. చేతిలో వల అల్లే నూలుంది. ఏమిటన్నాను. దోమలు తోలుతున్నానంది. దోమలేం లేవు.

ఇన్నాళ్ళకి మాట్లాడింది, అదే పదివేలు.

సెప్టెంబరు 17

అత్త గోతుల కొండవైపు వెళ్ళి సాయంత్రానికి వచ్చింది. కట్టెలకట. తెచ్చింది ఒక్కటే కట్టె. ముసలితనం వచ్చేసింది ఆమెకి.

సెప్టెంబరు 20. శనివారం

మగాళ్ళు రాలేదు. అవతల వానకి కాలవగట్టు తెగిందట, ఆదివారం కూడా పనేనట. గాలి ఇటువైపు ఉండగా అవతలి గట్టునుంచి ఎవరో కేకేసి చెప్పారు. నీళ్ళు దాటడానికి మనిషి కావాలి గాని కేకకి ఏ తెడ్డూ అక్కర్లేదు.

సెప్టెంబరు 24. బుధవారం

నడుం పట్టేసింది. బిందె ఎత్తినందుకే అయ్యుంటుంది. ఇంకా టైముంది.

పడుకుంటే తగ్గింది.

తగ్గలేదు. ఇది నడుం కాదు. అత్త చేను

అక్టోబరు 1

సీలేరు ఆసుపత్రి మంచంమీద కూర్చుని రాస్తున్నాను. కాగితాలు అత్త తెచ్చింది. నేను రోజూ ఎక్కడ దాస్తానో ఆమెకి మొదటినుంచీ తెలుసట.

ఆ రోజు సంగతి రాయాలి.

నేను కేకేయకముందే అత్త చేనునుంచి వచ్చేసింది. నా మొహం చూసింది. అటకకింద బుట్ట బోర్లించి ఎక్కి, గోనెపట్టా చుట్టిన పొడుగాటిదొకటి దించింది. విప్పింది. తెడ్డు. రెండు చివరలా రెండు రెక్కలు, ఒకటి నాది, ఒకటి కప్పలాంటి చేప ఉన్నది. మధ్యలో వెదురు బద్దలు లేవు. పాతబడి నల్లబడిన గట్టి కర్రను బద్దల్లా చీల్చి వేసి, వల నూలుతో చుట్టి, నీళ్ళు పట్టకుండా జీడి రసం పూసింది. ఆ కర్ర నేను గుర్తుపట్టాను. మామగారి గోతిమీద నిలబెట్టిన తెడ్డు.

నేను నోరు తెరిచేలోపే, "మీ మావకిప్పుడు దాటడానికి ఏ నీళ్ళున్నాయి? బేగి పద" అంది.

నడిమధ్య గడ్డి మోపుమీద కూర్చున్నాను. మామగారు పోయాక దోనె ఎక్కని మనిషి ఎక్కి నాకెదురుగా కూర్చుంది, సొరకాయ బుర్రతో నీళ్ళు తోడుతూ. పాత దోనె, అడుగున చెమ్మ ఊరుతూనే ఉంది. మొదటిసారి లాగగానే తెలిసిపోయింది. వెనక్కి వాలి, మోకాళ్ళు ఎడంగా పెట్టి కూర్చున్నా రెక్క పూర్తిగా మునిగింది. వేళ్ళు అంచుకి తగల్లేదు. దోనె తల తిప్పలేదు. ఆగస్టంతా నేను కట్టి విప్పి కట్టినా కుదరని పొడుగు అది.

మద్దిమాను దగ్గరకొచ్చేసరికి పెద్ద నొప్పి వచ్చింది. తెడ్డు ఒళ్ళో పడేశాను. గాలి దోనెను తోసుకుపోతోంది. అత్త లేచి ఆ మానును రెండు చేతులా కావలించుకుంది. దోనెను కాళ్ళతో బిగబట్టి, నొప్పి పోయేదాకా అలాగే మానుకి అంటుకుపోయి ఉంది. చేతులు దోక్కుపోయి రక్తం వచ్చింది. తిట్టలేదు. ఈసారి నీళ్ళను ఒక్క మాట అనలేదు. పోయిందా అని అడిగింది. పోయింది అన్నాను. అయితే లాగు అంది.

బట్టలుతికే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి నీళ్ళలోకి దిగి వచ్చారు. ఆసుపత్రికి చేరాక ఎక్కువసేపు పట్టలేదు. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది. నేను ఆ ఏడుపు ఆపొద్దన్నానట, నర్సమ్మ చెప్పి నవ్వింది.

ఫల్గుణ సాయంత్రానికి పరుగెత్తుకొచ్చాడు, ఒళ్ళంతా కాలవ మట్టి. పిల్లను చూసి ఏడ్చాడు. తర్వాత, నాకు ఇప్పుడు మంచి తెడ్డు చెక్కిస్తానన్నాడు, ఇప్పుడు ఒక్కదానివే కదా, యర్రయ్య తాత కొలుస్తాడని.

కోపం లేదని ఈ కాగితాల్లో ఎన్నోసార్లు రాశాను. ఉంది. పోయిన బిడ్డ దగ్గర్నుంచి ఉంది, మంచివాడైనందుకు అతనిమీద ఇంకా ఎక్కువ ఉంది. "నానున్నానంతావు. ఎక్కడున్నావు మావా?" అన్నాను. అతను మట్టిచేతులు పిల్లకు తగలకుండా వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. నాకు జాలి వేసింది, కోపం మాత్రం పోలేదు. రెండూ ఉండనీ.

అత్త వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని. అంత సరిగ్గా ఎలా కుదిరిందని అడిగాను.

"నువ్వు తొంగున్నప్పుడు కొలిసినాను" అంది.

ఒంట్లో ఇద్దరుండగా కొలవకూడదన్నప్పుడు నాకంటే ముందు తల ఊపింది ఈమే. తాత మాట గుర్తులేదా అన్నాను.

"ఎవులికని కొలుత్తావని గదా అడిగినాడు. ఒకళ్ళకి కాదు, ఇద్దరికీ కలిపే కొలిసినాను. తప్పు తగిల్తే నాకే తగలాలని నా తెడ్డేసినాను" అంది.

మరి నువ్వు పోయేటప్పుడు ఉత్త చేతులతో పోతావా అన్నాను. అప్పటికి నువ్వేదో కడతావులే అంది.

రొంటిలోంచి వల నూలు తీసింది. కొలత తాడు. నిప్పులో వేయలేదు, ముడి అలాగే ఉంది. పిల్లను ఒళ్ళో వేసుకుని, తాడు దాని నడుం చుట్టూ తిప్పి, కొంచెం వదులు ఉంచి, పంటితో తెంపి మొలతాడుగా కట్టింది. దాని వంతు కొలత దానికి ముట్టిందంది. మిగిలిన ముక్క చాలా పొడుగుంది. మడిచి నా చేతిలో పెట్టింది, ఇది నీది, ఎవరికీ ఇవ్వకు అని.

శనివారం ఇంటికి పంపిస్తామన్నారు. ఫల్గుణ దోనె తెస్తానన్నాడు. మాకూ ఒక దోనె ఉందని చెప్పాను.